మేళానికి ముందు నడిచిన మా వదిన

మా వదిన కృపమ్మ గురించి ఎవరైనా అడిగితే ముందు నాకు కోపమొస్తుంది. అడిగేవాళ్ళంతా ఒకటే అడుగుతారు: "ఆడమనిషి బ్యాండుమేళం నడిపిందంట, నిజమేనా?" నిజం కాకపోతే నేను అన్నేళ్ళు ఎవరి వెనకాల తాళాలు కొట్టుకుంటూ తిరిగానంట? నడిపింది. నడికుడి నుంచి గురజాల దాకా, మాచర్ల దాకా, ఎండనక దుమ్మనక నడిపింది. నడపడమంటే మాటవరసకు కాదు, మేళానికి ముందు నడిచింది. మా మేళాల్లో ఎవరు ముందు నడిస్తే వాళ్ళదే మేళం. పేరూ వాళ్ళదే, మొదటి తాంబూలం వాళ్ళదే, తిట్లు పడాల్సొస్తే మొదటి తిట్టు కూడా వాళ్ళదే.

నా పేరు మణెమ్మ. కృపమ్మకు ఆడబిడ్డను. పెద్ద డ్రమ్ము వాయించే జక్కయ్య మా అన్న, ఆమెకు మొగుడు. వదిన గురించి ఆడబిడ్డ మంచి చెప్పదంటారు. నేను మంచీ చెప్తాను, చెడ్డా చెప్తాను. ముందు చెడ్డ చెప్పేస్తే ఓ పనైపోతుంది: ఆమెకు వంట రాదు.

రాకపోవడానికి కారణం ఉంది. చిన్నప్పుడు నరసరావుపేటలో మిషన్ వాళ్ళ బోర్డింగు స్కూల్లో చదివింది. అక్కడో అమెరికా దొరసాని ప్రార్థనలో పాటలకు ఫిడేలు వాయించేది. ఆమె ఆడపిల్లలకు ఫిడేలు నేర్పుతానని పిలిచింది. నేర్చుకునే పిల్లలకు వంటింటి పని తప్పించారు. వేళ్ళు కాయలు కాస్తున్నాయని మిగతా పిల్లలు ఒక్కొక్కరే మళ్ళీ పప్పు రుబ్బడానికి పోయారు. మా వదిన మాత్రం ఫిడేలు వదల్లేదు, రోలు దగ్గరికి పోలేదు.

ఆ దొరసాని ఇంకో సంగతి కూడా చెప్పిందట. వాళ్ళ దేశంలో వందేళ్ళ కిందట ఆడవాళ్ళు ఫిడేలు పట్టుకుంటే నవ్వేవాళ్ళట. అయినా ఒకావిడ వేదికెక్కి వాయించిందట, ఇంకొకావిడ ఏకంగా మేళానికి మేళాన్ని నడిపిందట. సముద్రం అవతలి సంగతి నిజమో కాదో ఎవరు చూసొచ్చారు! మా వదిన మాత్రం నమ్మింది. దొరసాని దేశం పోతూ పోతూ తన ఫిడేలు పెట్టెతో సహా ఆమెకిచ్చి పోయింది.

ఆ పెట్టెతోనే కాపరానికొచ్చింది. పెట్టె చూసి మా అమ్మ గ్రేసమ్మ కుట్టుమిషన్ అనుకుని మురిసిపోయింది. రవికలు కుట్టించుకుందామని పక్కింటివాళ్ళకు కూడా చెప్పుకుంది. సాయంత్రం వదిన పెట్టె తెరిచి, ఫిడేలు తీసి, గడ్డం కింద పెట్టుకుని నిలబడి వాయించింది. మా వాడకు కచేరీ ఫిడేలు తెలుసు; కూర్చుని, దాని తల పాదం మీద ఆనించి వాయిస్తారు. ఇట్లా మెడ వంచి నిలబడి వాయించే మనిషిని ఎవరూ చూడలేదు. పక్కింటి ముసలమ్మ వచ్చి, "మెడ పట్టేసిందా అమ్మాయ్? ఇటుక కాచి పెట్టుకో, తగ్గుద్ది" అని చెప్పి పోయింది.

అప్పట్లో మేళం మా సామ్యేలు బాబాయిది. ఆయనది క్లారినెట్టు, మా అన్నది డ్రమ్ము, అప్పుడప్పుడూ వచ్చిపోయే ఒకరిద్దరు కుర్రాళ్ళు. సామ్యేలు బాబాయి ముందు నడిచేవాడు. నడిచేవాడే గానీ వెనక ఏం జరుగుతుందో ఆయనకు తెలియదు. పాట ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో ఆ దేవుడికే ఎరుక. మా అన్నకు కళ్ళు మూసుకుని వాయించే జబ్బుంది. ఒకసారి పెళ్ళివారి ఇల్లొచ్చి మేళమంతా ఆగిపోతే, ఆయన ఒక్కడే డ్రమ్ము బాదుకుంటూ పొలిమేర దాకా పోయాడు. పెళ్ళివారి పాలేరు పరుగెత్తుకెళ్ళి పిలుచుకొచ్చాడు.

ఇట్లా ఉండగా ఓ ఏడు సరిగ్గా క్రిస్మస్ ముందు సామ్యేలు బాబాయికి ముందరి పళ్ళు రెండు ఊడాయి. చెరుకు నమిలితే ఊడాయని ఆయన అంటాడు. పిన్ని చెంబు విసిరిందని వాడ అంటుంది. ఏదైతేనేం, పండుగ ఊరేగింపులో క్లారినెట్టు ఊదితే పాట రాలేదు, గాలొచ్చింది. జనం నవ్వడం మొదలెట్టారు. చర్చిలో వాయించడానికి వదిన ఫిడేలు వెంట తెచ్చుకునే ఉంది. ఆడవాళ్ళ గుంపులోంచి చరచరా నడిచి ముందుకొచ్చి, ఫిడేలు తీగల మీద రాసే కమాను పైకెత్తి మా అన్న కళ్ళల్లోకి చూసింది. ఆ చూపు ఇంట్లో ఎరిగినదే కాబట్టి ఆయన కళ్ళు మూయలేదు. ఆ రోజు మేళమంతా ఒకేసారి మొదలై ఒకేసారి ఆగింది. మా వాడ పుట్టాక అదే మొదలు.

అప్పటినుంచి ఆమే ముందు నడిచింది. మేళంలో నన్ను చేర్చి తాళాలు చేతికిచ్చింది. గాజులమ్మే వాళ్ళింటి మైమూనా తమ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు ఢోలక్కు కొడుతుందని తెలిసి, వాళ్ళత్తను ఎట్లా ఒప్పించిందో, ఆమెనూ తెచ్చింది. ఒకటే నియమం పెట్టింది: ఎవరేం చేస్తున్నా కళ్ళు కమాను మీద ఉండాలి. కమాను పైకెత్తితే అందరూ గట్టిగా వాయించాలి. అడ్డంగా పెడితే మెల్లగా. దించితే ఆపాలి. పెద్ద డ్రమ్ము పక్కన ఫిడేలు మోత ఎవరికి వినపడి చచ్చింది! కానీ కమాను కనపడేది. జనం ఆ కమానును, గడ్డం కింద ఆ ఫిడేలును చూడటానికే వచ్చేవాళ్ళు, మమ్మల్ని పిలిచే ఊళ్ళు పెరిగాయి.

సామ్యేలు బాబాయి గుంటూరు పోయి పళ్ళు కట్టించుకొచ్చాడు. తళతళలాడే పళ్ళు. క్లారినెట్టు మళ్ళీ బ్రహ్మాండంగా పలికింది. కానీ ఆయన చోటు పోయింది. పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, నడుస్తూ నడుస్తూ ఆయన రెండడుగులు ముందుకేసేవాడు, వదిన మూడేసేది. ఆయన ఇంకో రెండేసేవాడు. ఓ పెళ్ళిలో వీళ్ళిద్దరి పందెంతో మేళం పెళ్ళిబండిని సందు మలుపు దగ్గర వదిలేసి ముందే ఇల్లు చేరింది. పెళ్ళికూతురి తండ్రి నడిరోడ్డు మీద మమ్మల్ని కడిగిపారేశాడు.

ఇక అసలు సంగతికొస్తాను. పంచాయతీ సమితి ప్రెసిడెంట్లు కొత్తగా వచ్చిన రోజులు, సాగర్ డ్యాం పని జోరుగా నడుస్తున్న రోజులు. గురజాల అవతల బ్రహ్మయ్యగారని పెద్ద రైతు. ఆయన కూతురు రాజేశ్వరి పెళ్ళికి ఊరేగింపు మేళం మాది. పందిట్లో వాయించడానికి వేరే సన్నాయిమేళం మాట్లాడుకున్నారు. మేం పొద్దున్నే బండి దిగి, గొడ్లచావడి పక్క పందిరి నీడలో కూర్చున్నాం. పెళ్ళికూతురు జడ సగం అల్లించుకుని మధ్యలో లేచొచ్చి ఫిడేలు చూసింది.

"అక్కా, మీ ఆయన కంటే మీరే ముందు నడుస్తారంటగా? ఆయనేమీ అనడా?" అని అడిగింది.

"అంటాడు తల్లీ. డ్రమ్ము మోతలో నాకు వినపడదు" అంది వదిన.

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. ఫిడేలు తీగను వేలితో మీటి, అది మోగేసరికి తనే ఉలిక్కిపడింది. పెళ్ళికొడుకు నాగేశ్వరరావును చూశావా అని వదిన అడిగితే, చూశాను, నెమ్మదస్తుడు, నాకు నచ్చాడు అని సిగ్గుపడకుండా చెప్పింది. అంతలో జడ అల్లే ఆమె వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

ముహూర్తం దగ్గర పడుతున్నా సన్నాయిమేళం రాలేదు. ఆ మహానుభావుడు అదే లగ్నానికి ఇంకో ఊళ్ళోనూ ఒప్పుకున్నాడట. మేళం లేకుండా తాళి కట్టిస్తే ఊరు నవ్వుతుంది. బ్రహ్మయ్యగారు చెమటలు కక్కుకుంటూ మా దగ్గరికొచ్చాడు.

"కృపమ్మా, గట్టిమేళం మీరే కానివ్వాలి. పంతులుగారు చెయ్యెత్తగానే ఒక్కసారిగా అందరూ వాయించాలి. తుమ్ములు, దగ్గులు, ఏడుపులు ఏవీ వినపడకూడదు. అదే దాని పని."

వదిన సరేనంది. సామ్యేలు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ఊరేగింపు వేరు, పందిరి వేరు అమ్మాయ్. ఊరేగింపులో తప్పొస్తే దుమ్ములో కలిసిపోద్ది. పందిట్లో తప్పొస్తే ఏడూళ్ళు చెప్పుకుంటాయి. సన్నాయి లేనిచోట క్లారినెట్టే ముందుండాలి. నాకొదిలెయ్."

"వదల్ను బాబాయ్" అంది వదిన. "పందిట్లో నా వల్ల ఒక్క తప్పొచ్చినా, సాయంత్రం నుంచి మేళానికి ముందు నడిచేది నువ్వే. నేను చివర నడుస్తా. మళ్ళీ ఆ చోటు అడగను. సరేనా?"

"ఇందరం విన్నాం" అన్నాడు బాబాయి, కొత్త పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతూ. నాకు ఒళ్ళు మండింది. పంతం పట్టడానికి వేరే రోజే దొరకలేదా ఈవిడకు!

మమ్మల్ని పందిరి అంచున, పంతులుగారు కనపడేచోట కూర్చోబెట్టారు. మగపెళ్ళివారు శావల్యాపురం వైపువాళ్ళు. పెళ్ళికొడుక్కి తండ్రి లేడు, మేనమామ బసవపున్నయ్య పెంచాడు. ఆయన మీసం ముందొస్తే ఆయన వెనకొస్తాడు, అంత మనిషి. వస్తూనే మమ్మల్ని చూసి, "ఏందిది? ఆడోళ్ళ మేళమా? మా పరువేం గాను?" అన్నాడు. తర్వాత మేనల్లుడి పక్కన చేరి పొద్దున్నుంచీ ఒకటే పాఠం: "ఒరేయ్, మేళం గట్టిగా మోగగానే మూడు ముళ్ళూ వేసెయ్. అటూ ఇటూ చూడబాక. ఎవురేమన్నా ఇనబాక." పెళ్ళికొడుకు ప్రతిసారీ బుద్ధిగా తలూపాడు.

జీలకర్ర బెల్లం సవ్యంగా జరిగింది. పంతులుగారు చెయ్యెత్తాడు, వదిన కమాను ఎత్తింది, మేం మోగించాం. పందిరి కర్రలు అదిరాయి. రామాయమ్మగారు, అంటే బ్రహ్మయ్యగారి తల్లి, చెవులు మూసుకుని "చానా బాగుంది" అంది. సామ్యేలు బాబాయి ముఖం మాడిపోయింది. ఇక తాళి మిగిలింది. పళ్ళెంలో పెట్టిన తాళిబొట్టును అందరి చేతా తాకించి తెచ్చారు. అందరి చేతుల్లోనూ అక్షింతలు పంచారు. పెళ్ళికొడుకు తాళి చేతుల్లోకి తీసుకున్నాడు. పంతులుగారు మంత్రం కోసం గొంతు సవరించుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడు బసవపున్నయ్య కళ్ళు కుర్చీ మీద పడ్డాయి.

ఆ ఊరి బడిలో చేతుల కుర్చీ ఒక్కటే ఉంది, హెడ్మాస్టరుది. దాన్ని అరువు తెచ్చి సమితి ప్రెసిడెంటుకు వేశారు. బసవపున్నయ్యకు వేసింది చేతుల్లేని మడత కుర్చీ. ఇంతసేపూ ఆయన గమనించలేదు. గమనించాక ఆగలేదు.

"ఏమయ్యా బ్రహ్మయ్యా! పెళ్ళికొడుకు మేనమామనయ్యా నేను. నాకు చేతుల్లేని కుర్చీ ఏస్తావా?"

"అన్నా, అది తర్వాత చూద్దాం, ముందు తాళి..."

"తర్వాతేంది? నా చేతులు యాడ పెట్టుకోమంటావ్?"

"ఒళ్ళో పెట్టుకో బాబాయ్" అన్నాడు ఆడపెళ్ళివారి వైపు ఎవడో అక్కుపక్షి. పందిరంతా గొల్లున నవ్వింది. ప్రెసిడెంటు కూడా నవ్వాడు, అదీ చేతుల కుర్చీలో కూర్చుని.

బసవపున్నయ్య దిగ్గున లేచాడు. మడత కుర్చీ మడత పడి కింద పడింది. "లేరా నాగేశ్వరరావూ! ఇంకా తాళి పడలా. ఈ పెళ్ళి మనకొద్దు. లే!"

పెళ్ళికొడుకు తాళి పట్టుకుని కూర్చోనూ లేక, లేవనూ లేక సగంలో ఆగాడు. ఆ కుర్రాడి ముఖం చూస్తే జాలేసింది. చిన్నప్పటినుంచీ మామ లేవమంటే లేచినవాడు, కూర్చోమంటే కూర్చున్నవాడు. బ్రహ్మయ్యగారు చేతులు జోడించాడు. అటు పది మంది లేచారు, ఇటు పది మంది లేచారు. పెళ్ళికూతురు తలెత్తింది. పొద్దున పడీపడీ నవ్విన పిల్లేనా అనిపించింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

వదిన ఆ పిల్లనే చూస్తోంది. కమాను పట్టుకున్న చెయ్యి ఒళ్ళోంచి కదిలింది. సామ్యేలు బాబాయి పక్కనుంచి గొంతు తగ్గించి, "ఎత్తబాక అమ్మాయ్! పంతులు చెయ్యెత్తలా. నువ్వెత్తితే అది తప్పు. సాయంత్రం ముందు నడిచేది నేనే, చూసుకో" అన్నాడు.

వదిన ఆయన వైపు ఓసారి చూసింది. కమాను ఎత్తింది.

అంతే. మా అన్నకు కుర్చీ గొడవ తెలియదు, ఏమీ తెలియదు. ఆయన కళ్ళు కమాను మీద ఉన్నాయి. ధడేల్మని డ్రమ్ము మోగింది. మైమూనా ఢోలక్కు మీద విరుచుకుపడింది. నా తాళాలు వాటంతట అవే కొట్టుకున్నాయి. అంతెందుకు, ఎత్తొద్దన్న సామ్యేలు బాబాయే బుగ్గలు పూరించి ఊదేశాడు. పొద్దున్నుంచీ మామ నూరిపోసిన పాఠం పెళ్ళికొడుక్కి ఎక్కడ గుర్తుందో అక్కడినుంచి పనిచేసింది. చటుక్కున ముందుకు వంగి, అటూ ఇటూ చూడకుండా, ఎవరేమన్నా వినకుండా మూడు ముళ్ళూ వేసేశాడు.

గట్టిమేళం వింటే మనవాళ్ళ చేతులు ఊరుకుంటాయా? పందిట్లో ఉన్నవాళ్ళంతా అక్షింతలు విసిరారు. కొట్టుకోవడానికి లేచినవాళ్ళు లేచినట్టే నిలబడి విసిరారు. ప్రెసిడెంటు విసిరాడు. బసవపున్నయ్య ఎడమచేత్తో వేలెత్తి బ్రహ్మయ్యగారిని తిడుతూ తిడుతూ, కుడిచేతి గుప్పెట్లో అక్షింతలన్నీ మేనల్లుడి నెత్తిన పోశాడు.

మేళం ఆగాక బసవపున్నయ్య తన ఖాళీ అరచెయ్యి చూసుకున్నాడు.

రామాయమ్మగారు అందుకుంది. "అక్షింతలేసి దీవించావుగా నాయనా, ఇంకేం అలుగుతావ్? కూర్చో."

పంతులుగారు చెమట తుడుచుకుని, "అసలు ముహూర్తం జీలకర్ర బెల్లంతోనే అయిపోయింది. ముళ్ళు పడ్డాయి, మంత్రం మిగిలింది. చదివేస్తాను" అంటూ, మళ్ళీ ఎవరు లేస్తారో అని రైలు తరిమినట్టు చదివేశాడు.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. పెళ్ళి ఆగదని తేలాక బసవపున్నయ్యకు కొత్త అనుమానం పుట్టింది.

"ఆగండాగండి. పంతులు చెయ్యెత్తలా. మేళం ఎట్టా మోగింది? బ్రహ్మయ్యా, నువ్వు సైగ చేశావా? మాయ చేసి మా వాడి చేత కట్టించావా?"

మళ్ళీ అటువాళ్ళూ ఇటువాళ్ళూ లేచారు. మా పల్నాట్లో పెద్దమనుషులు రెండోసారి లేచారంటే మిగిలినవాళ్ళు తమ చెప్పులు వెతుక్కోవడం మంచిది. బ్రహ్మయ్యగారు సైగ చేశాడని తేలితే అది మగపెళ్ళివారికి జరిగిన అవమానం. రెండూళ్ళ మధ్య ఎన్నేళ్ళు నడుస్తుందో చెప్పలేం. అత్తారింట్లో ఆ పిల్ల బతుకేమవుతుందో అంతకంటే చెప్పలేం.

వదిన ఫిడేలు పట్టుకుని లేచి పందిరి మధ్యకు నడిచింది.

"అయ్యా, ఎవురూ సైగ చెయ్యలా. తప్పు నాది. పంతులుగారి చెయ్యి కదిలినట్టు కనపడి తొందరపడ్డా. ఆడమనిషిని, తెలవక చేశాను. క్షమించండి."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. 'ఆడమనిషిని, తెలవక' అనే మాట ఆమె నోట అంతకు ముందు ఎన్నడూ వినలేదు, తర్వాతా వినలేదు. ఎవరైనా ఆ మాట ఆమెతో అంటే వాళ్ళ పని అయిపోయేది. తాళాలు రెండూ ఆ మీసాల మనిషి మీదికి విసిరేద్దామన్నంత కోపమొచ్చింది నాకు.

బసవపున్నయ్య మాత్రం విచ్చుకున్నాడు. "నేను పొద్దున్నే చెప్పానా లేదా? ఆడోళ్ళ చేతికి మేళమిస్తే ఇట్టాగే ఉంటది! మా వాడు కాబట్టి సర్దుకుని కట్టాడు" అని చుట్టూ చూసి మీసం దువ్వాడు. ఇక ఆయనకు అవమానం లేదు, తప్పంతా మేళందే. ప్రెసిడెంటు లేచి చేతుల కుర్చీ ఆయనకిచ్చాడు. ఆయన అందులో రెండు చేతులూ బారజాపి కూర్చున్నాడు.

సామ్యేలు బాబాయి నా వైపు తిరిగి, "తప్పు తనదేనంది. ఇన్నావుగా?" అన్నాడు. విన్నాను. ఊరంతా వింది.

భోజనాల వేళ గొడ్లచావడి పక్కన వదిన విస్తరి ముందు కూర్చుంది గానీ ముద్ద ఎత్తలేదు. పెళ్ళి భోజనమంటే పడి చచ్చే మనిషి. తను వండుకున్నది తింటే ఎవరికైనా పరాయి భోజనం మీద అంత ప్రేమ ఉంటుంది మరి.

"నిజంగా చెయ్యి జారిందా వదినా?" అనడిగాను.

"ఏమే, చెయ్యి జారితే కిందకి జారుద్ది గానీ పైకి జారుద్దా?"

"మరి తప్పని ఎందుకు ఒప్పుకున్నావు? ఇప్పుడు ముందు నడిచేది బాబాయిగా!"

"ఆ పిల్ల ముఖం చూశావుగా. నేను కావాలనే ఎత్తానంటే ఆ మీసాలోడు ఊరుకుంటాడా?" అని కాసేపు పప్పును వేలితో కెలికింది. "ముందు నడిస్తే మొహానికి గాలి తగిలేది మణెమ్మా. దారంతా ఖాళీగా కనపడేది. ఇక మీ అన్న వీపు చూసుకుంటా నడవాలి."

నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నందుకు నాకింకా ఏడుపొచ్చింది.

పొద్దు వాలుతుండగా ఊరేగింపుకు మేళం వీధిలో నిలబడింది. పూలు కట్టిన బండి ఇంకా ఇంటి దొడ్లోనే ఉంది. పడమటి వైపు సామ్యేలు బాబాయి మేళానికి ముందు నిలబడ్డాడు. తలకు కొత్త తువ్వాలు చుట్టాడు. వెనక మా అన్న, మైమూనా, నేను. తూర్పు చివర వదిన నిలబడింది. అరుగుల మీద జనం, అందరికీ ముందు చేతుల కుర్చీతో సహా బసవపున్నయ్య.

బాబాయి ఘనంగా ఊపిరి తీసి క్లారినెట్టు ఊదాడు. మొదటి వరుస వాయించాడు. రెండో వరుసా వాయించాడు. వెనక చప్పుడు లేదు. తిరిగి చూస్తే మా అందరి వీపులూ ఆయన వైపున్నాయి. మేమంతా చివరన ఉన్న వదిన వైపు చూస్తున్నాం.

"ఏందిరా జక్కాయ్, వాయించవే?"

"ఎత్తలా బాబాయ్" అన్నాడు మా అన్న.

"ఏంది ఎత్తంది?"

"కమాను."

"నేను వాయిస్తన్నా గదరా!"

"నువ్వు వాయిస్తన్నావు గానీ ఎత్తలేదుగా."

వదిన కమాను కిందికి దించి గట్టిగా చెప్పింది. "నా వైపు చూడబాకండి. బాబాయి వెంట పోండి."

పోయాం. పోయి చూశాం. ఎవరి పాట వాళ్ళది. మైమూనా ఢోలక్కు ఒక పెళ్ళిలో ఉంటే నా తాళాలు ఇంకో పెళ్ళిలో ఉన్నాయి. చూడటానికి కమాను లేకపోయేసరికి మా అన్న పాత అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. మూసుకుని నడుస్తూ నడుస్తూ పెద్ద డ్రమ్ముతో బాబాయి నడుము మీద గుద్దాడు. క్లారినెట్టు తొక్కుడు పడ్డ మేకపిల్లలా అరిచింది. అరుగులన్నీ నవ్వాయి.

"ఏందయ్యా ఈ సంత?" అని అరిచాడు బసవపున్నయ్య. "పొద్దున ఆమె ఉన్నప్పుడే నయం గదా!"

సామ్యేలు బాబాయి నడుము రుద్దుకుంటూ మమ్మల్ని దాటుకుని వదిన దగ్గరికి పోయాడు.

"ముందుకు రా అమ్మాయ్."

"రాను బాబాయ్. మాటంటే మాటే. అడగనన్నాను, అడగను."

"నువ్వు అడగలా, నేనే అడుగుతున్నా. ఆ కమాను కనపడకపోతే యాడ ఊపిరి తియ్యాలో నాకు తెలవట్లా. నేనేం చెయ్యను?" ఆ మాట ఆయన కోపంగానే అన్నాడు, తిట్టినట్టే అన్నాడు.

"పందిట్లో ఇందరి ముందు తప్పు నాదన్నాను. చివరే నిలబడతా" అంది వదిన. ఆమె మొండితనం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

బాబాయి తువ్వాలు తీసి బుర్ర గోక్కున్నాడు. వీధి ఈ కొస చూశాడు, ఆ కొస చూశాడు. ఉన్నట్టుండి మా మీద అరిచాడు.

"ఒరేయ్ జక్కాయ్! మైమూనా! మణెమ్మా! అందరూ ఇటు తిరగండి!"

"ఎటు బాబాయ్?"

"తూర్పుకిరా! ఊరేగింపు తూర్పుకు పోద్ది." వదిన వైపు వేలు చూపించాడు. "నువ్వు కదలబాక. నిలబడ్డ చోటే నిలబడు. నువ్వు ముందుకు రాలా. మేమే ఎనక్కి తిరిగాం. నీ మాట నీ దగ్గరే ఉంది."

దొడ్లోంచి బ్రహ్మయ్యగారు పరుగెత్తుకొచ్చాడు. "అటేంది? పడమటి వీధి నుంచి గదా అనుకున్నది!"

అరుగు మీద నుంచి రామాయమ్మగారు అంది: "ఊరు చుట్టూ తిరిగొచ్చేదానికి ఎటైతే ఏంరా? పోనీ."

మేమందరం తూర్పుకు తిరిగాం. సామ్యేలు బాబాయి క్లారినెట్టు చంకన పెట్టుకుని, మా పక్కనుంచి నడుచుకుంటూ పోయి అందరికంటే వెనక, తాను అంతకు ముందు నిలబడిన చోటే నిలబడ్డాడు. బండి తూర్పుకు మళ్ళి ఆయన వెనక చేరింది. పెళ్ళికూతురు పూలదండల్లోంచి తొంగి చూస్తోంది. వదిన ముందు ఎవరూ లేరు, ఖాళీ దారి ఉంది.

ఆమె ఎంతకీ కమాను ఎత్తలేదు. ఏమైందో చూద్దామని నేను పక్కగా ముందుకు జరిగాను. గడ్డం కింద ఫిడేలు పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడింది. అప్పుడు ఎత్తింది. మేళమంతా ఒక్కసారిగా అందుకుంది, అందరికంటే గట్టిగా వెనకనుంచి క్లారినెట్టు పలికింది. వదిన నడుస్తోంది, వాయిస్తోంది, కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. తుడుచుకుందామంటే ఖాళీ చెయ్యి లేదు. నేను తాళాలు ఆపి నా కొంగుతో తుడవబోయాను.

తల అటు తిప్పుకుని, "తాళం తప్పుతున్నావ్ మణెమ్మా, నీ చోటుకు పో" అని కసిరింది.